వేస్తా, వేస్తున్నా, వేశా

నా తెలివితక్కువతనం ముందే ఒప్పేసుకుంటే తర్వాత తేలిగ్గా ఉంటుంది. ముప్పై ఏళ్ళు నిండినవాణ్ణి, సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగస్తుణ్ణి, భార్యా ఇద్దరు ఆడపిల్లలూ ఉన్నవాణ్ణి. అలాంటి నేను, ఎక్కడా లేని ఒక మంత్రగాడు ఎక్కడా లేని ఒక భూతం చేతిలో చచ్చిపోయాడని, నాకే అపకారమూ తలపెట్టని ఒక మంచి మనిషి మీద ఏడాదిపాటు కుళ్ళుకున్నాను. ఆ మంత్రగాడు చచ్చింది కత్తిదెబ్బకి కాదు, వ్యాకరణానికి. ‘వేస్తున్నా’ అనాల్సిన చోట ‘వేస్తా’ అన్నాను. మధ్యలో ‘ఉన్నా’ అనే ముక్క ఎగరగొట్టాను కనుక, నా మంత్రగాడు లేకుండా పోయాడు.

ఎనభైల చివరి సంవత్సరాలు. దాచేపల్లి దగ్గర మా ఫ్యాక్టరీ కాలనీ. సున్నపురాయి దుమ్ము పడి చెట్లూ, సైకిళ్ళూ, ఆరేసిన బట్టలూ అన్నీ ఒకే రంగులో ఉండేవి. ఉతికిన చొక్కా ఏదో, ఉతకని చొక్కా ఏదో వాసన చూస్తే తప్ప తెలిసేది కాదు. ఆదివారం మధ్యాహ్నం కాలనీ మొత్తం నిద్రపోయేది. మేం నలుగురం మాత్రం క్లబ్బు వెనక గదిలో చేరి కొండగుహల్లో తిరిగేవాళ్ళం.

ఆ గుహల్ని తెచ్చింది మా ఇంజనీరుగారు. మద్రాసులో చదువుకునే రోజుల్లో హాస్టల్లో ఆడిన ఆటట. ఇంగ్లీషు రూల్సు పుస్తకం జిరాక్సు కాపీ ఒకటి, దారంతో కుట్టి, పెట్టె అడుగున దాచుకుని వచ్చాడు. ఆట పద్ధతి చెప్పడం తేలిక. ఒకాయన కథ నడుపుతాడు. మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషి అవుతారు. ‘తలుపు తీస్తున్నా’ అని నోటితో అంటే తలుపు తీసినట్టే. తలుపు వెనక ఏముందో నడిపే ఆయన చెబుతాడు. కొట్టిన దెబ్బ తగిలిందా, తప్పిందా అన్నది మాత్రం అదృష్టం తేల్చాలి. దానికి ఇరవై ముఖాల పాచిక కావాలట. దాచేపల్లిలో ఆరు ముఖాలదే దొరకడం కష్టం. అందుకని క్లబ్బులో అంకెలు పిలిచి ఆడే హౌసీ బిళ్ళల్లో ఒకటి నుంచి ఇరవై దాకా ఏరి గుడ్డసంచిలో వేసుకున్నాం. ఆడవాళ్ళ హౌసీలో ఇరవై లోపు నంబరు ఒక్కటీ ఎందుకు రావడం లేదో పాపం వాళ్ళకి చాలా నెలలు అర్థం కాలేదు.

స్టోర్సు చూసే మావాడు కత్తివీరుడు. ఉద్యోగంలో కాగితం లేనిదే ఒక్క బోల్టు ఇవ్వని మనిషి, ఆటలో ఎవరడిగినా ప్రాణం ఇచ్చేసేవాడు. కాలనీ ఆసుపత్రి కాంపౌండరుగారు వైద్యుడు. బయట అన్ని జబ్బులకీ ఒకే ఎర్ర నీళ్ళు పోసే ఆయన, ఆటలో సగం చచ్చినవాళ్ళని లేపి కూర్చోబెట్టేవాడు. నేను మంత్రగాణ్ణి. జట్టుకి ఒక్కడే మంత్రగాడు ఉండాలని ఇంజనీరుగారి కట్టడి. ఆ ఒక్కడూ నేనే.

దీని విలువ నా ఉద్యోగం తెలిస్తే తప్ప అర్థం కాదు. ల్యాబులో నా పని సిమెంటు ముద్ద ఎప్పుడు గట్టిపడుతుందో చూడటం. ముద్ద మీదికి సూది వదలాలి. అది అడుగుదాకా దిగకుండా ఆగితే గట్టిపడటం మొదలైనట్టు. పైన గీత మాత్రమే పడితే పూర్తయినట్టు. గడియారం చూడటం, సూది వదలడం, రాయడం. వారమంతా సిమెంటు గట్టిపడుతుంటే నేను మెత్తబడుతూ ఉండేవాణ్ణి. ఆదివారం జట్టు మధ్యనున్న మంత్రగాడి కుర్చీలో నేనుంటే, ఇంజనీరుగారు బల్ల మీదికి వంగి, “మరి మంత్రగాడుగారేమంటారు?” అన్నప్పుడు ఆ ‘గారు’ ఒక్కటీ నాకు ఆరు రోజులకి సరిపోయేది. ఆ కుర్చీ, ఆ ‘గారు’. నాకు కావలసింది అంతే.

తగాదా అంతా మంత్రం వేళ దగ్గర వచ్చేది. మంత్రం పూర్తవడానికి కొంత సమయం పడుతుందనీ, ఈలోగా శత్రువు దెబ్బ తగిలితే మంత్రం చెడుతుందనీ పుస్తకంలో ఉంది. ఎంత సమయం అన్నది చెప్పే పేజీ మాత్రం జిరాక్సులో సగం నల్లగా పడింది. ఆ నలుపులో మేం చేసుకున్న యుద్ధాలు ఇన్నీ అన్నీ కావు.

“బిళ్ళ తియ్యకముందే అన్నాన్రా నేను!” అని నేను.

“తీశాక అన్నావు. నీ నోరు కదలడం నేను చూశా,” అని స్టోర్సువాడు.

“నువ్వు నా నోరెందుకు చూస్తున్నావు? నీ కత్తి చూసుకో.”

చివరికి నేనే దారి చెప్పాను. సిమెంటుకి మొదలు గట్టిపడే వేళ ఒకటి, పూర్తిగా గట్టిపడే వేళ ఒకటి ఉన్నట్టే మంత్రానికీ ఉంటుంది. మంత్రగాడు నోరు విప్పగానే మొదలు, అయిదు లెక్కపెట్టేసరికి పూర్తి. ఈ రెంటి మధ్యా దెబ్బ పడితే మంత్రం చెడినట్టు. ఇంజనీరుగారు బల్ల మీద చరిచి, “భలే చెప్పావయ్యా! సిమెంటోడివి అనిపించావు,” అన్నాడు. అది పొగడ్తో కాదో ఇప్పటికీ తెలీదు గానీ నేను పొగడ్త కిందే జమ వేసుకున్నాను. ఆ ఊపులోనే రెండొందల పేజీల నోటుబుక్కు కొని రూల్సన్నీ తెలుగులో రాశాను. అయిదు లెక్కపెట్టడంలో మాత్రం స్టోర్సువాడు మోసం చేసేవాడు. నాకు లెక్కపెడితే అయిదుకీ ఆరు సెకన్లు, భూతానికి లెక్కపెడితే రెండే.

అలా రెండేళ్ళు గడిచాక ఫ్యాక్టరీ బడికి కొత్త తెలుగు మాస్టారు వచ్చారు. చిలకలూరిపేట అవతల మిరప పొలాల ఊరు ఆయనది. తల్లి కాయ కోతలకి వెళ్ళి చదివించిందట. ఆ మాట దాచుకునేవారు కాదు, అలాగని చెప్పుకుని తిరిగేవారూ కాదు. ఆదివారం పొద్దున చర్చిలో వాక్యం చదివేవారు. ఆ గొంతు గోడ ఇవతల రోడ్డు మీద వెళ్ళేవాళ్ళని కూడా సైకిలు దింపేదని పేరు. ఇంజనీరుగారే ఆయన్ని ఆటకి పిలిచాడు. మొదటి వారం మాస్టారు మూల కుర్చీలో కూర్చుని వింటూ ఉండిపోయారు. “మంత్రాలాటని మా పాస్టరుగారికి మాత్రం చెప్పకండి,” అన్నారు నవ్వుతూ. నాకూ నచ్చారు. ఆ నచ్చడం సరిగ్గా ఏడు రోజులు.

రెండో ఆదివారం. బావి అడుగునుంచి భూతం లేచింది. స్టోర్సువాడి కత్తి విరిగింది. కాంపౌండరుగారు స్పృహ తప్పారు. అందరూ నావైపు తిరిగారు. ఇలాంటి క్షణం కోసమే కదా పుట్టింది అనుకుని లేచి నిలబడి చెయ్యెత్తాను.

“నిప్పు మంత్రం వేస్తా!”

ఇంజనీరుగారు భూతం తరఫున బిళ్ళ తీశాడు. పంతొమ్మిది. స్టోర్సువాడు లెక్క మొదలుపెట్టాడు, నేను నీ లెక్క దొంగలెక్క అని మొదలుపెట్టాను, గొడవ లేచింది. అప్పుడు మూలనుంచి ఆ గొంతు.

“చిన్న సందేహమండీ. అసలు ఆయన మంత్రం మొదలుపెట్టారా?”

“పెట్టాను కదండీ! అందరూ విన్నారు.”

“మీరు ‘వేస్తా’ అన్నారండీ. ‘వేస్తున్నా’ అనలేదు.”

“అంటే ఏంటి మాస్టారూ, రెండూ ఒకటే కదా?” అన్నాడు స్టోర్సువాడు.

“ఒకటెలా అవుతాయండీ? వేస్తున్నా అంటే పని జరుగుతోంది. వేస్తా అంటే ఇంకా జరగలేదు, ఇకముందు జరుగుతుంది. వేశా అంటే జరిగిపోయింది. మీరు అయిదు లెక్కపెట్టుకుంటూ కొట్లాడుకోవడం దేనికండీ? మన భాషలో కాలం క్రియలోనే ఉంటుంది కదా.”

ఇంజనీరుగారి మొహం ట్యూబులైటులా మొదట మినుకుమని తర్వాత వెలిగింది.

“అదేంటండీ! టీ తాగుతా అంటే రేపిస్తారా? అప్పుడే ఇస్తారు కదా!” అన్నాను.

“ఇస్తారండీ. కానీ టీ వచ్చేదాకా ఆగాలి కదా.”

గది గదంతా నవ్వింది. స్పృహ తప్పి ఉండాల్సిన కాంపౌండరుగారు కూడా లేచి నవ్వారు.

“నా మనసులో వేస్తున్నా అనే ఉంది సార్,” అని ఇంజనీరుగారితో మొరపెట్టుకున్నాను. “నా ఉద్దేశం అదే.”

“ఉద్దేశం చెవికి వినపడదు కదండీ,” అన్నారు మాస్టారు, ఎంతో నొచ్చుకుంటున్నట్టు. నిజంగానే నొచ్చుకున్నారేమో కూడా. అది మరీ కష్టం.

తీర్పు అక్కడే అయిపోయింది. భవిష్యత్కాలం పలికితే పని వచ్చే వంతుకి జరుగుతుంది. వర్తమానం పలికితే ఈ వంతు చివర జరుగుతుంది, మధ్యలో దెబ్బ తగిలితే చెడుతుంది. భూతకాలం పలకాలంటే ముందు వంతులోనే మొదలుపెట్టి ఉండాలి. భూతం భూతకాలంలో కొట్టేసింది, నేను భవిష్యత్తులో చెయ్యెత్తుకుని నిలబడి ఉన్నాను. రెండేళ్ళు పెంచుకున్న మంత్రగాడు బావిలో పడిపోయాడు.

“సారీ అయ్యా,” అన్నాడు ఇంజనీరుగారు. సారీ నాకు చెప్పి కళ్ళు మాస్టారు వైపు తిప్పాడు. “మాస్టారూ, జట్టుకి మంత్రగాడు కావాలి. వచ్చే వారం నుంచి మీరు కూర్చోండి.”

నాకు మూటలు మోసేవాడి వేషం ఇచ్చారు. గుహలో అందరి వెనకా నడిచి, అడిగినప్పుడు తాడో దివిటీయో అందించాలి.

ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పుకున్నాను. ఓదారుస్తుందనుకున్నాను. ఆవిడ పప్పు ఎనుపుతూ అంతా విని, “ఆయన చెప్పింది నిజమే కదండీ,” అంది. “పంపు వాషరు మారుస్తానని పోయిన నెల అన్నారు. అది ఇంకా ‘మారుస్తా’లోనే ఉంది. కిందపెట్టిన బకెట్టు వర్తమానంలో నిండుతోంది.” ఆ రాత్రి నేను పప్పు మాత్రం మానేశాను.

తర్వాత నోటుబుక్కు వంతు. కొత్త రూలు రాద్దామని ఇంజనీరుగారు నా పుస్తకం మాస్టారికిచ్చి పంపాడు. వారం తిరిగి వచ్చేసరికి రూలు చక్కగా ఎర్ర సిరాతో రాసి ఉంది. ‘బల్ల వద్ద పలికిన క్రియ పలికినట్లే చెల్లును. ఉద్దేశము చెల్లదు.’ దానితోపాటు వెనకటి పేజీలన్నిటి మీదా ఎర్రచుక్కలు. నేను ‘ఇంద్రజాలీకుడు’ అని రాసిన పదకొండు చోట్లా దీర్ఘం కొట్టేసి ఉంది. పళ్ళు నూరుకుంటూ తిరగేస్తుంటే ఆయనే వచ్చి, “తప్పులు కావండీ అవి. మీది వేగమైన చెయ్యి, వత్తులు వెనకబడ్డాయి,” అన్నారు. పోట్లాడే మనిషి అయితే పోట్లాడొచ్చు. మర్యాద చేసే మనిషిని ఏం చెయ్యగలం?

ఎవరేమన్నారో మళ్ళీ తగాదా రాకుండా ఆటలో పలికిన ప్రతి మాటా పలికినట్టే రాసే లేఖరి ఒకడు ఉండాలన్నది కూడా మాస్టారి ఆలోచనే. “రాత బావుంటుంది, ఆయనకే ఇద్దాం,” అన్నారు నన్ను చూపిస్తూ. అలా గుహలో మూటలు, బయట మాటలు, రెండూ నేనే మోసేవాణ్ణి.

ఒక్కటి మాత్రం చెప్పాలి. ఆయన మంత్రగాడిగా నాకన్నా బాగున్నారు. నేను మంత్రం వేస్తే చెయ్యెత్తేవాణ్ణి, గొంతు పెంచేవాణ్ణి, ఆఖరికి క్రియ మింగేసేవాణ్ణి. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని, కంగారు లేకుండా, “వేస్తున్నానండీ,” అనేవారు. ఆ ‘న్నా’ మీద పిసరంత ఆగేవారు. నిప్పు అంటుకున్నట్టే ఉండేది. భూతాలు కూడా క్రమశిక్షణగా చచ్చేవి. “మరి మంత్రగాడుగారేమంటారు?” అని ఇంజనీరుగారు అడిగినప్పుడు అలవాటుగా నేను నోరు తెరిచి, మూసుకుని, కలం తీసుకునేవాణ్ణి.

ఆట అయ్యాక గేటు దగ్గర టీ బంకుదాకా నడవడం నాకూ ఇంజనీరుగారికీ పాత అలవాటు. క్లబ్బు వెనక కాలిబాట ఇద్దరు పక్కపక్కన నడిస్తే సరిపోతుంది. ఇప్పుడు ముగ్గురం. ముందు వాళ్ళిద్దరూ విభక్తుల గురించి మాట్లాడుకుంటూ నడిచేవాళ్ళు. విభక్తుణ్ణయిన నేను వెనక నడిచేవాణ్ణి. సంక్రాంతి సెలవులు, వేసవి సెలవులు అయ్యి ఊరినుంచి వచ్చినప్పుడల్లా మాస్టారు అందరిళ్ళకీ తలా ఒక సంచి ఎండుమిరపకాయలు తెచ్చేవారు. “ఎంత రంగో చూడండి, ఎంత ఘాటో,” అని మా ఆవిడ మురిసేది. కూరలో మంట సరే, నా కడుపులోది ఆ మిరపకాయల పుణ్యం కాదు.

ఆయన నోరు జారితే పట్టుకుందామని నెలల తరబడి కాచుకుని కూర్చున్నాను. ల్యాబులో సూది వదిలి ముద్ద వైపు ఎలా చూస్తానో ఆయన పెదవుల వైపు అలా చూసేవాణ్ణి. ఒక్క క్రియ కూడా జారలేదు. టీ గ్లాసు ఎత్తినా “తాగుతున్నానండీ” అనే మనిషిని ఎలా పట్టుకోవడం?

అప్పుడొచ్చింది ఆ ఆదివారం. ఎండలు ముదిరిన రోజులు. ఆటలో స్టోర్సువాడు, కాంపౌండరుగారు, మూటలతో నేను కొండ కింద గదిలో చిక్కుకుపోయాం. అక్కడ ఒక రాతిపాము ఉంది. దాని చూపు పడినవాడు సంచిలోనుంచి పది దాటిన బిళ్ళ తియ్యకపోతే రాయైపోతాడు. మేం స్తంభాల వెనక నక్కి ఉన్నాం. మాస్టారి మంత్రగాడు పైన, గుహ ముంగిట, వెలుతురులో క్షేమంగా ఉన్నాడు. తొందరపడే మనిషి కాదు కదా. మామూలుగా మేమందరం ఒకేసారి లేచేవాళ్ళం. ఆ రోజు ఎవరింట్లోనో ప్రార్థన కూటం ఉందని ఆయన గంట ముందే లేచారు. చెప్పులు వేసుకుని, గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, రెండు చేతులూ జోడించారు.

“ఆలస్యమైందండీ. వస్తాను.”

“మంచిది మాస్టారూ,” అన్నారు అందరూ.

నేను అనలేదు. రాస్తున్నాను. పలికిన ప్రతి మాటా పలికినట్టే రాయడం నా పని. ‘మంత్రగాడు: వస్తాను.’ రాశాక దాన్ని ఒకసారి చూశాను. మళ్ళీ చూశాను. సూది అడుగుదాకా దిగకుండా ఆగింది.

ఒక వంతు గడిచింది. గొంతు సవరించుకున్నాను. “సార్, ఈ వంతులో మంత్రగాడు రావాలి.”

“ఎక్కడికి?” అన్నాడు ఇంజనీరుగారు.

“మనమున్న చోటికి. పాము గదిలోకి. పోయిన వంతులో ‘వస్తాను’ అన్నారు. భవిష్యత్కాలం. వచ్చే వంతుకి జరగాలి. ఇదే ఆ వంతు.”

స్టోర్సువాడు నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. “ఒరేయ్, నీకేమన్నా మతి పోయిందా? అది ఇంటికెళ్ళే ‘వస్తాను’ రా!”

“ఇంటికెళ్ళే కాలం అని వేరే ఉందా రూల్సులో?”

“వెళ్తూ వెళ్తూ అన్నాడ్రా మనిషి! ఆయన ఉద్దేశం—”

“కాంపౌండరుగారూ, ఎర్ర సిరాతో ఉన్నది కాస్త చదవండి.”

కాంపౌండరుగారు కళ్ళద్దాలు పెట్టుకుని మందుల చీటీ చదివినట్టు చదివారు. “బల్ల వద్ద పలికిన క్రియ పలికినట్లే చెల్లును. ఉద్దేశము చెల్లదు.”

“గుమ్మం దగ్గర కదా అన్నాడు, బల్ల దగ్గర కాదు,” అన్నాడు స్టోర్సువాడు ఆఖరి ప్రయత్నంగా.

“ఈ గదిలో గుమ్మానికీ బల్లకీ మధ్య నీ పొట్ట తప్ప ఏముందిరా?”

ఇంజనీరుగారు నోటుబుక్కు తన వైపు తిప్పుకుని నా రాత చూశాడు, పైన ఎర్ర సిరా చూశాడు. తర్వాత ఆయన భుజాలు కదలడం మొదలైంది. కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. “వచ్చాడయ్యా,” అన్నాడు చివరికి. “మోసమేమీ లేదు, చెప్పి మరీ వచ్చాడు. బిళ్ళ నువ్వే తియ్యి.”

సంచిలో చెయ్యి పెట్టాను. బిళ్ళ మీద అంకె వేలికి తెలిసే వీలుంటే తడిమి చూసే తీసేవాణ్ణి, అబద్ధమెందుకు? నున్నగా ఉంటాయవి. తీసి బల్ల మీద పెట్టాను. నాలుగు.

తర్వాతి ఆదివారం మాస్టారు ఎప్పటిలాగే వేళకి వచ్చి, జట్టు మధ్యనున్న కుర్చీ దగ్గరికి వెళ్ళబోయి, అందరూ తనవైపే చూస్తుండటం గమనించి ఆగారు. నేను నోటుబుక్కు తెరిచి ఇచ్చాను. నిలబడే చదివారు. చదివి, మొదటికి వెళ్ళి మళ్ళీ చదివారు. వాదిస్తారని నేను వారమంతా సమాధానాలు వల్లె వేసుకుని ఉన్నాను. ఒక్కటీ అక్కర్లేకపోయింది. ఏదో అనబోయి, ఆ క్రియ ఏ కాలంలో ఉందో చూసుకున్నట్టు నోరు మూసుకున్నారు. ఆ గొంతు అలా ఆగిపోవడం నేను విన్నది అదొక్కసారే.

“మరి... ఇంటికి వెళ్ళేటప్పుడు ఏమనమంటారండీ?” అన్నారు, నిజంగా తెలుసుకోవాలని అడిగే పిల్లవాడిలా.

“‘పోతాను’ అనాల్సిందండీ,” అన్నాను మంత్రగాడి కుర్చీ ముందుకి లాక్కుని కూర్చుంటూ.